రేసు ట్రాకు పక్కన కెమెరాతో

సంక్రాంతి వెళ్ళిన తరువాత మన కృష్ణగిరి, హోసూరు, కుప్పం వైపు పల్లెల్లో ఎద్దులు వదిలే పండుగ జరుగుతుంది. వీధికి రెండు పక్కలా జనం కిక్కిరిసి ఉంటారు. కొమ్ములకు రంగు పూసుకున్న ఎద్దు ఆ జనం మధ్యనుంచి దౌడు తీస్తుంది. పెట్టిన దూరాన్ని తక్కువ సెకన్లలో దాటిన ఎద్దుకు బహుమానం. ఆ ఎద్దును ఫోటో తీయబోయినవాళ్ళకు నేను చెప్పబోయే కష్టం ముందే తెలుసు. ఇంటికి వచ్చి చూసుకుంటే ఒక ఫోటోలో తోక ఉంటుంది, ఒకదానిలో ఎదురింటి గోడ ఉంటుంది, ఇంకొకదానిలో పక్కవాడి మోచెయ్యి ఉంటుంది. ఎద్దు మాత్రం ఉండదు.

ఎద్దుకు బదులు గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వచ్చే మోటారు సైకిలును, కారును ఫోటో తీసి, వీడియో తీసి బ్రతికేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పనిని గురించి ఈవేళ చెప్పుకుందాం. ఇది మనకు దూరపు సంగతి కాదు. హోసూరులో తయారయ్యే బళ్ళే పందేలలో దిగుతాయి. టి.వి.ఎస్. కంపెనీ రేసింగు విభాగం 1982 నుంచీ ఉంది. కృష్ణగిరి నుంచి వేలూరు, కాంచీపురం మీదుగా మద్రాసు పోయే బస్సు ఎక్కితే, శ్రీపెరుంబుదూరు దాటిన తరువాత ఇరుంగాట్టుకోట్టై వస్తుంది. 1990లో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు అక్కడ పందేలకోసం ప్రత్యేకంగా కట్టిన ట్రాకును తెరిచారు. దాని చుట్టుకొలత 3.717 కిలోమీటర్లు. ఇప్పుడు దాన్ని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు. అంతకుముందు పందేలు షోళవరంలో జరిగేవి. అది రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విమానాలకోసం వేసిన రన్‌వే. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో ఇంకొక ట్రాకు ఉంది. పందెపు కార్లను మన దేశంలోనే తయారు చేయించిన కరివర్ధన్ గారి పేరు దానికి పెట్టారు.

ముందు ఫోటో సంగతి చూద్దాం. గంటకు 180 కిలోమీటర్లంటే సెకనుకు 50 మీటర్లు. కెమెరా షట్టరును సెకనులో వెయ్యో వంతు మాత్రమే తెరిచామనుకోండి. ఆ కాస్తలోనే బండి 5 సెంటీమీటర్లు జరిగిపోతుంది. 125వ వంతు తెరిస్తే 40 సెంటీమీటర్లు, 60వ వంతు తెరిస్తే 80 సెంటీమీటర్ల పైచిలుకు జరుగుతుంది. అలాగైతే వెయ్యో వంతుకో, రెండువేలవ వంతుకో పెట్టి తీస్తే సరిపోతుంది గదా అని మీరు అనవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఫిల్ము రోజులవి. 36 ఫోటోల రోళ్ళు ఐదు పట్టుకుపోయి, అన్నీ అలాగే తీసి, కడిగించి చూసుకున్నాను. బళ్ళు స్పష్టంగానే ఉన్నాయి. కానీ ఒక్కటీ పరుగెత్తుతున్నట్లు లేదు, షెడ్డు ముందు నిలబెట్టి తీసినట్లున్నాయి. దానికి కారణం ఉంది. పందెపు బండి చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 2 మీటర్లు పోతుంది. ఆ వేగంలో సెకనుకు 25 చుట్లు తిరుగుతుంది. వెయ్యో వంతు సెకనులో అది తిరిగేది 9 డిగ్రీలే. అందుకని చక్రం ఆగినట్లు కనిపిస్తుంది. చక్రం ఆగితే చూసేవాడి కంటికి బండి కూడా ఆగినట్లే.

అందుకని షట్టరును 125వ వంతుకో, ఇంకా తగ్గించి 60వ వంతుకో దింపి, బండితో పాటు కెమెరానూ తిప్పుతారు. బండి దూరాన ఉండగానే దాన్ని చట్రంలోకి తెచ్చుకోవాలి. కాళ్ళు కదలకూడదు. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, నడుము పైభాగాన్ని మాత్రం తిప్పాలి. బండి ఎదురుగా వచ్చినప్పుడు నొక్కాలి, నొక్కిన తరువాత కూడా తిప్పడం ఆపకూడదు. తుపాకి గురి నేర్చినవాళ్ళకు ఇది తెలుస్తుంది. మనం తిప్పే వేగమూ బండి వేగమూ కలిసిపోతే బండి కెమెరా ముందు నిలబడినట్లే లెక్క. అప్పుడు నడిపేవాడి కళ్ళు, హెల్మెట్టు స్పష్టంగా వస్తాయి. చక్రపు పుల్లలు కలిసిపోయి కనిపిస్తాయి, వెనక ఉన్న చెట్లూ జనమూ గీతలై సాగిపోతాయి. పది తీస్తే ఒకటి కుదురుతుంది. ఈ పనిలో ఇరవైయేళ్ళు పండినవాళ్ళకు కూడా పదికి పదీ రావు.

ఇందులో ఒక తమాషా ఉంది. ఫ్రాన్సు దేశంలో లార్తీగ్ అని ఒక ఫోటోగ్రాఫరు ఉండేవాడు. 1912, 13 ప్రాంతంలో, ఇరవైయేళ్ళు కూడా నిండని వయసులో, అతడు పందెపు కారు నొకదాన్ని ఫోటో తీశాడు. అందులో కారు చక్రం గుండ్రంగా లేదు. కోడిగుడ్డులాగా సాగి ముందుకు వాలి ఉంది. వెనక ఉన్న స్తంభాలూ మనుషులూ రెండో వైపుకు ఒరిగిపోయి ఉన్నారు. ఆ కాలపు కెమెరాలో షట్టరు అంటే సన్నని చీలిక ఉన్న తెర. అది పలక మీదుగా మెల్లగా జరుగుతుంది. తెర పలకను దాటేలోపల కారు కొంత ముందుకు పోయింది. అతడు కెమెరా తిప్పడం కారు వేగానికి చాల్లేదు. అందువల్ల కారు ఒకవైపు వాలింది, నిలిచి ఉన్నవి ఇంకొకవైపు వాలాయి. లెక్క ప్రకారం అది పొరపాటు ఫోటో. కానీ వేగాన్ని చూపించిన ఫోటోల్లో ఇప్పటికీ అందరూ దాని పేరే ముందు చెబుతారు. మన సెల్‌ఫోనులో తీసినప్పుడు బస్సు కిటికీలోంచి కరెంటు స్తంభాలు వాలినట్లు కనిపిస్తాయే, అది కూడా ఈ సంగతే. తెరకు బదులు ఇప్పుడు చిప్పు మీది వరుసలు ఒకదాని తరువాత ఒకటి బొమ్మను పట్టుకుంటాయి, అంతే తేడా.

వీడియోవాళ్ళ బాధ ఇంకొక రకం. మన దేశంలో టెలివిజను వీడియో సెకనుకు 25 బొమ్మలు. ఇందాక చక్రం కూడా సెకనుకు 25 చుట్లు అన్నాను గదా. ఆ రెండూ సరిగ్గా కలిస్తే తెర మీద చక్రం నిలబడిపోయినట్లు కనిపిస్తుంది. బండి వేగం కాస్త తగ్గితే చక్రం వెనక్కి తిరుగుతుంది. అది కెమెరా చెడిపోవడం కాదు. షట్టరును 50వ వంతు దగ్గర ఉంచితే చక్రం మసకబారి కన్ను ఒప్పుకుంటుంది. ఎండలో అంత వెలుతురు లోపలికి వస్తే బొమ్మ తెల్లబోతుంది కాబట్టి లెన్సుకు ముందు నల్ల గాజు ఫిల్టరు బిగించుకుంటారు. మధ్యాహ్నం రెండు గంటలకు తారు మీదనుంచి లేచే వేడికి దూరాన వచ్చే బళ్ళు నీళ్ళలో ఉన్నట్లు అల్లాడుతాయి. దానికి ఏ లెన్సూ మందు కాదు. పొద్దున్నా సాయంత్రమూ దూరపు బొమ్మలు, మధ్యాహ్నం దగ్గరి బొమ్మలు తీసుకోవడమే మార్గం.

ఇక ధ్వని. పెళ్ళి వీడియోలో మేళం తరువాత కలుపుకోవచ్చు. పందెంలో ఇంజను మోత అక్కడే పట్టుకోవాలి. మైకుకు గాలి తగలకుండా బొచ్చు తొడుగు వేసి, మోతకు పగిలిపోకుండా మట్టం తగ్గించి పెట్టుకోవాలి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. అవి బ్యాటరీతో నడిచే కార్లు. వీధులనే ట్రాకుగా మార్చి, రెండు పక్కలా సిమెంటు దిమ్మెలు, వాటి మీద ఇనుప కంచెలు పెట్టారు. ఆ కార్లకు ఇంజను మోత లేదు. సన్నని ఈల, టైర్ల రాపిడి మాత్రమే వినిపిస్తాయి. ధ్వని సంగతి అలా ఉంచండి, ఫోటోగ్రాఫరుకు చెవి ఒక కావలివాడు. వెనక ఏం వస్తున్నదో చెవే చెబుతుంది. బ్యాటరీ కార్ల దగ్గర ఆ కావలివాడు సగం నిద్రపోయినట్లే. కంచె వెనకనుంచి తీయవలసి వచ్చినప్పుడు లెన్సును కంచెకు దాదాపు ఆనించి, కన్నాన్ని పూర్తిగా తెరిస్తే వలకన్నులు మాయమవుతాయి. మెట్టు మీద నిలబడి బడిగోడ కంచెలోంచి తీసి చూడండి, మీకే తెలుస్తుంది.

ఇప్పుడు ముఖ్యమైన సంగతికి వస్తున్నాను. ఈ పనిలో ప్రాణానికి అపాయం ఉంది. 1955 జూన్ 11న ఫ్రాన్సులో లెమాన్ పందెంలో ఒక కారు ఎగిరి జనంలో పడింది. 80 మందికి పైగా చనిపోయారు. అప్పటినుంచి కంచెలు, మట్టికట్టలు, ఖాళీ స్థలాలు ఎన్నో వచ్చాయి. అయినా బండి ఎటు ఎగురుతుందో ముందుగా చెప్పగలవాడు లేడు. అందుకే ట్రాకు పక్కకు ఎవరినిబడితే వారిని రానివ్వరు. పత్రికో, జట్టో, కంపెనీయో మనవాడని ఉత్తరం ఇవ్వాలి. నిర్వాహకులు అనుమతి కార్డూ, దూరానికి కనపడే చొక్కా లాంటి అంగీ ఇస్తారు. నా ప్రాణానికి నేనే బాధ్యుడినని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. పొద్దున్నే జరిగే సమావేశానికి పోకపోతే అంగీ ఇవ్వరు.

అక్కడ చెప్పే నియమాలు పెద్ద చదువేమీ కాదు. మలుపుకు బయటివైపు నిలబడకూడదు, అదుపు తప్పిన బండి పోయేది అటే. కంచె మీద చెయ్యి, మోచెయ్యి ఆనించకూడదు. కింద కూర్చోకూడదు, కూర్చున్నవాడు లేచేలోపల అంతా అయిపోతుంది. వచ్చే బళ్ళకు వీపు పెట్టకూడదు. ఫ్లాషు వెలిగించకూడదు. జెండా పట్టుకున్న మార్షలు జరగమంటే, ఎంత మంచి ఫోటో వదులుకోవలసి వచ్చినా జరగాలి. లెన్సులోంచి చూస్తున్నప్పుడు బండి ఎంత దగ్గరకు వచ్చిందో మనకు తెలియదు, దూరం సినిమాలో లాగా అనిపిస్తుంది. అందుకని కొందరు ఇద్దరిద్దరుగా నిలబడతారు. ఒకడు తీస్తుంటే ఒకడు చూస్తుంటాడు. ర్యాలీల్లో ఇంకా జాగ్రత్త కావాలి. అక్కడ కంచె ఉండదు, మట్టిదారి ఉంటుంది. ఎత్తైన గట్టు, మలుపుకు లోపలివైపు, వెనక్కి పరుగెత్తడానికి దారి, ఈ మూడూ చూసుకుని నిలబడాలి. దారి మూసిన తరువాత చివరి బండి పోయేదాకా అక్కడినుంచి కదలనివ్వరు. నీళ్ళూ తిండీ వెంట ఉండాలి.

2023లో ఇరుంగాట్టుకోట్టైలో రెండు మరణాలు జరిగాయి. జనవరి 8న అనుభవమున్న ఒక కారు డ్రైవరు, ఆగస్టు 5న 13 ఏళ్ళ బెంగళూరు కుర్రవాడు. అలాంటి సమయంలో ట్రాకు పక్కన ఉన్న కెమెరావాడు ఏం చేయాలి? తీయాలా, కెమెరా దించాలా? నన్ను అడిగితే, తీయడం వేరు, చూపించడం వేరు. ఏం జరిగిందో తేల్చడానికి అధికారులకు ఆ వీడియో కావలసి రావచ్చు. హెల్మెట్టు ఎప్పుడు ఊడింది, వెనకబండి ఎంత దూరంలో ఉంది, జెండా ఎప్పుడు ఊపారు, ఇవన్నీ అందులో ఉంటాయి. రేపటి పిల్లవాడి ప్రాణం దానివల్ల నిలబడవచ్చు. కాబట్టి నిర్వాహకులు అడిగితే కత్తిరించకుండా ఇవ్వాలి. కానీ కన్నవాళ్ళు ఆస్పత్రికి చేరకముందే అది ఊరంతా సెల్‌ఫోన్లలో తిరగడం న్యాయం కాదు. ఆ తొందరతో నాలుగు రూపాయలు వస్తాయని తెలిసి కూడా ఆగేవాళ్ళను నేను చూశాను. వాళ్ళను జట్లవాళ్ళు మళ్ళీ పిలుస్తారు.

మన కుర్రవాళ్ళు కొందరు హైవే మీద ముందు చక్రం ఎత్తి నడుపుతుంటే వెనకబండి మీదనుంచి వీడియో తీస్తున్నారు. దానికీ దీనికీ సంబంధం లేదు. 2023 సెప్టెంబరులో కాంచీపురం దగ్గర అలా చేసి పడిన ఒక యూట్యూబరును పోలీసులు అరెస్టు చేశారు. లైసెన్సు పదేళ్ళపాటు చెల్లకుండా చేశారు. లారీలు పోయే దారిలో మార్షలూ లేడు, అంబులెన్సూ లేదు.

బ్రతుకుతెరువు మాటేమిటని మీరు అడుగుతారు. ఈ పని ఒక్కదాన్నే నమ్ముకుని బ్రతికేవాళ్ళు మన వైపు తక్కువ. పెళ్ళిళ్ళు తీస్తూ దీన్ని చేసేవాళ్ళే ఎక్కువ. ఒక వీలు ఉంది. పందేల మొదటి రౌండ్లు తరచు జూన్, జూలైలలో పడతాయి. ఆ రోజుల్లోనే మనకు ఆషాఢం, తమిళులకు ఆడి మాసం వస్తాయి, అప్పుడు పెళ్ళిళ్ళు ఉండవు. డబ్బు ఇచ్చేది పత్రికలకంటే జట్లూ, టైర్ల కంపెనీలూ, అన్నిటికంటే నడిపేవాళ్ళూ వాళ్ళ తల్లిదండ్రులూ. ముందువరుసలో వచ్చే ఇద్దరినే అందరూ తీస్తారు. పదిహేనవ స్థానంలో వచ్చే కుర్రవాడి ఫోటో ఎవరి దగ్గరా ఉండదు. ఆ ఫోటో చూపించి అతడు వచ్చే ఏడాదికి ఖర్చు పెట్టేవాళ్ళను వెతుక్కోవాలి. కాబట్టి అతణ్ణి తీసినవాడికి పని దొరుకుతుంది.

హక్కుల మాట కూడా ముందే తేల్చుకోవాలి. 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి తమకోసం ఫోటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు దాని హక్కు తీయించుకున్నవాళ్ళదే. మనంతట మనం పోయి తీసుకున్నదైతే హక్కు మనది. ఒకసారి నా ఫోటో ఒక దుకాణం గోడ మీద పది అడుగుల బోర్డులో కనిపించింది. నా పేరూ లేదు, పైసా రాలేదు. అడిగితే, నువ్వే గదా ఇచ్చావు అన్నారు. ఇచ్చినది చూసుకోవడానికి, బోర్డు వేసుకోవడానికి కాదు. కానీ ఆ మాట కాగితం మీద లేదు. అప్పటినుంచి ఫోటో ఎన్నాళ్ళకు, ఎక్కడ వాడుకోవచ్చో రెండు వాక్యాలు రాసి సంతకం తీసుకుంటున్నాను.

నేర్చుకోవాలనుకునేవాళ్ళు మూడు లక్షల లెన్సు కొనేదాకా ఆగనక్కరలేదు. సాయంత్రం బడి వదిలాక పిల్లలు సైకిళ్ళు తొక్కుకుంటూ పోతారు. మీ అరుగు మీద నిలబడి, షట్టరు 30వ వంతుకు పెట్టి, పెద్దవాళ్ళతో చెప్పి, వాళ్ళతో పాటు కెమెరా తిప్పండి. మొహం స్పష్టంగా వచ్చి గోడ గీతలైతే, ఆ తరువాత 60వ వంతుకు పెట్టి టౌను బస్సును తీయండి. వచ్చే సంక్రాంతికి ఎద్దుల దగ్గరకు పోండి, కట్టె కంచెకు ఇవతలే ఉండండి.