నాచు పట్టిన ముంగిటి పచ్చికను బాగుచేయు విధము

ఇంటి ముంగిట రెండు సెంట్ల గరిక పచ్చిక యుండినచో వానకాలమున బురద రేగదు. ఎండకాలమున దుమ్ము లేవదు. లేగదూడకు నాలుగు పరకలు దొరకును. అట్టి పచ్చిక కొన్నియేండ్లకు పలుచబడి, నడుమ తుంగయు, అంచున వయ్యారిభామయు, చెట్టునీడను నాచును వ్యాపించుట పలుచోట్ల చూచుచున్నాము. అంతట యజమాని కూలీలచే కలుపు తీయించి, విత్తనము కొని చల్లించును. మరుసటి యేట మరల నదే స్థితి. కూలియు విత్తనమును వృథా యగుటకు కారణమేమి?

కలుపును తీసిరే గాని, కలుపునకు చోటిచ్చిన కారణమును తీయలేదు. నాచు గరికను చంపదు. గరిక విడిచిన చోటనే నాచు చేరును. దానికి నిజమైన వేళ్లు లేవు. తడియు, నీడయు, గట్టిపడిన నేలయు నున్న చాలును. అన్నభేది కరిగిన నీటిని చల్లినచో నాచు నల్లబడి చచ్చును గాని, కారణము తొలగనిచో మరల వచ్చును.

కావున ముందుగా మూడు పనులు చేయవలయును. నీరు నిలువకుండ నేలను ఇంటినుండి వెలుపలికి వాలుగా సరిచేయుట మొదటిది. చెట్ల క్రింది కొమ్మలను నరికి, దినమునకు ఆరు గంటలైన ఎండ సోకునట్లు చేయుట రెండవది. దట్టమైన నీడను గరిక నిలువదు. అచ్చట ఆకుచెత్త పరచుటయే మేలు. పశువులు త్రొక్కి గట్టిపడిన నేలను త్రవ్వి గుల్లచేయుట మూడవది.

తుంగ సంగతి వేరు. పైని పీకినను, క్రింది గడ్డలు గొలుసువలె మిగిలి మరల మొలచును. వేసవిలో నేల పొడిగా నున్నప్పుడు అడుగు లోతున త్రవ్వి, గడ్డల నేరి, ఎండబెట్టి కాల్చవలయును. ఎరువుకుప్పలో వేయరాదు, వేసినచో ఎరువుతో గూడ తుంగ పొలమునకు చేరును. 1950 తరువాతి దశకమున పూనాలో గుర్తింపబడి దేశమంతట వ్యాపించిన వయ్యారిభామను పూతకు రాకముందే వేరుతో పీకవలయును. తాకినచో కొందరికి చర్మవ్యాధి కలుగును గనుక చేతులకు తొడుగు లుండవలయును.

తొలకరి వానలకు మిగిలిన తుంగ మొలచును. దానిని గూడ గడ్డతో తీసి, ఆరుద్ర, పునర్వసు కార్తెలలో విత్తుట మంచిది. బాగుగా చివికిన పశువుల ఎరువును జల్లెడపట్టి మట్టిలో కలుపవలయును. పొట్టుతీసిన గరిక విత్తనము సెంటునకు పావుకిలో చాలును. ఇసుకతో కలిపి సగము నిలువుగను, సగము అడ్డముగను చల్లి, చీపురుతో తేలికగా కదిపి, పలకతో అణచవలయును. పావు అంగుళమునకు మించి మట్టి కప్పినచో మొలక పైకి రాజాలదు. రెండు మూడు వారములలో మొలచును. అంతవరకు నేల ఆరరాదు. విత్తనము దొరకనిచో మూడు కణుపుల తీగముక్కలను నాలుగంగుళముల యెడమున నాటవచ్చును.

పచ్చిక నేలను కప్పువరకు దూడను కట్టరాదు. కోయునప్పుడు ఎత్తులో మూడవవంతుకు మించి తీయరాదు. మొదలంట కోసినచో ఎండ నేలకు దిగి కలుపు విత్తనములు మొలచును.

ఇంకొక హెచ్చరిక. ముంగిట సంపదయైన గరికయే పెరటి మడిలో కలుపు. అంచున జానెడు వెడల్పున నేలను ఎల్లప్పుడు గోకి, పాకు తీగలను అక్కడనే కత్తిరించుచుండవలయును.