గోధుమలు, గురుగులు, డాలెక్కులు



టెలివిజన్‌లో వచ్చిన రాక్షసుల కథలకు సంఘ పత్రికలో చోటేమిటని పెద్దలు కొందరు నొసలు చిట్లించవచ్చు. అయితే మన పిల్లలు చర్లలో కూర్చొనే ఏ దేశపు కథనైనా ఫోనులో చూస్తున్నారు. చూడవద్దని చెప్పి ఊరుకోవడం కంటె, చూసినదానిని వాక్యపు వెలుగులో ఎలా తూచాలో నేర్పడం మేలని నా అభిప్రాయము. ఒక యౌవనస్థుడు నన్నడిగిన ప్రశ్న ఇది: "అయ్యగారూ, ఒక పసివాడు పెద్దయి లక్షలమందిని చంపుతాడని ముందే తెలిస్తే, వాణ్ణి ఉయ్యాలలోనే చంపితే పాపమా?" అతడికి అది 1975లో ఇంగ్లాండు టెలివిజన్‌లో వచ్చిన ఒక కథ నుండి దొరికింది. అవే రాక్షసులతో అదే రచయిత పన్నెండేళ్ళ ముందు రాసిన కథ మరొకటి ఉంది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఈ ప్రశ్న బరువు తెలియదు.

"డాక్టర్ హూ" అనే ఆ ధారావాహికను బి.బి.సి. 1963 నవంబరు 23న ప్రారంభించింది. కాలంలో ముందుకూ వెనుకకూ పోగల ఒక నీలిరంగు పెట్టెలో తిరిగే బాటసారి కథ అది. అందరూ అతణ్ణి డాక్టర్ అంటారుగాని అతడు మందులిచ్చేవాడు కాడు. (మొట్టమొదటి కథకు దర్శకత్వం వహించిన వారిస్ హుస్సేన్ మన లక్నోలో పుట్టినవాడు.) వింత రాక్షసులు ఇందులో ఉండరాదని బి.బి.సి. నాటక విభాగం అధిపతి సిడ్నీ న్యూమన్ ముందే చెప్పాడట. నిర్మాత వెరిటీ లాంబర్ట్ రెండవ కథలోనే వాటిని తెచ్చింది. కార్యక్రమం జనంలోకి వెళ్ళింది వాటివల్లనే!

వాటి పేరు డాలెక్కులు. బోర్లించిన గంగాళం మనిషి ఎత్తున ఉంటే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. కాళ్ళు లేవు, ముఖం లేదు, కడ్డీ చివర ఒక్క కన్ను. ఆ ఇనుప తొడుగు లోపల ముడుచుకుపోయిన ఒక ప్రాణి ఉంటుంది. తమ జాతి కాని ప్రతిదీ చావాలన్నదే దాని నమ్మకం. రచయిత టెర్రీ నేషన్ 1930లో కార్డిఫ్‌లో పుట్టి, రెండవ ప్రపంచ యుద్ధంలో బాల్యం గడిపినవాడు. నాజీలను మనసులో ఉంచుకొనే వీటిని కల్పించాడు.

మొదటి కథ 1963 డిసెంబరు 21 నుండి 1964 ఫిబ్రవరి 1 వరకు ఏడు వారాలు వచ్చింది. స్కారో అనే లోకంలో ఎప్పుడో ఒక మహాయుద్ధం జరిగింది. అడవులు రాయిగా మారిపోయాయి. ఒక జాతివారు పట్టణంలో యంత్రాల్లో దాక్కొని డాలెక్కులయ్యారు. థాల్ అనే రెండవ జాతి, ఒకప్పుడు యోధులే, ఇకమీదట ఆయుధం పట్టమని తీర్మానించుకొని సేద్యం చేసుకొని బ్రతుకుతోంది. వానలు పడక పంటలు పోయి, తిండి వెదుక్కుంటూ ఆ పట్టణం దగ్గరికి వస్తారు. డాలెక్కులు ఆహారం ఇస్తామని కబురు పెడతాయి. థాల్‌ల పెద్ద టెమ్మోసస్ నమ్మి వెళ్ళి, కలిసి బ్రతుకుదామని మాట్లాడుతుండగానే కాల్చి చంపుతాయి.

మన ప్రాంతపువారికి ఇది చదవగానే ఏం గుర్తొస్తుందో నేను చెప్పనక్కరలేదు. 2005లో సరిహద్దు అవతల ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైన తరువాత, ఊళ్ళు వదలి వచ్చిన గొత్తికోయ కుటుంబాలు మన చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో గుడిసెలు వేసుకున్నాయి. వారిలో చాలామంది ఏ పక్షపువారూ కారు. పగలు ఒకరికి, రాత్రి ఒకరికి జవాబు చెప్పుకోలేక వచ్చినవారు.

అందుకే ఆ కథలో తరువాతి భాగం నాకు మింగుడుపడదు. డాక్టర్ పెట్టెను నడిపే ఒక చిన్న పరికరం డాలెక్కుల చేతిలో చిక్కింది. అది తిరిగి రావాలంటే ఎవరైనా పోరాడాలి. థాల్‌లను సైన్యంగా వాడుకుందామని డాక్టరే అంటాడు. అతనితో వచ్చిన ఇయాన్ అనే ఉపాధ్యాయుడు, మన వస్తువు కోసం వారిని చావమనే హక్కు మనకు లేదని మొదట అడ్డుపడతాడు. ఆ మాట బంగారం. కాని తరువాత అతడే థాల్‌ల యువనాయకుడు అలిడాన్‌కు ఇష్టమైన అమ్మాయిని పట్టుకొని, ఈమెను డాలెక్కులకిచ్చి మా వస్తువు తెచ్చుకుంటామని బెదిరిస్తాడు. అలిడాన్ ఒక్క గుద్దు గుద్దుతాడు. చూశావా, నీకూ పోరాడవలసినది ఒకటుంది అన్నట్టు కథ ముందుకు పోతుంది. బయటివారు వచ్చి అడవివారి చేతిని పిడికిలి చేయించడం మనం చూడని సంగతి కాదు. గిరిజన యువకులను ప్రత్యేక పోలీసులుగా చేసి పోరులోకి దింపడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసి వచ్చింది గదా.

చివరకు థాల్‌లు గెలుస్తారు. దారిలో ఆంటోడస్ అనే పిరికివాడు, తన బరువుకు ఇయాన్ కూడా లోయలో పడిపోతాడని తెలిసి తాడు తానే కోసుకుంటాడు. (ఈ కథలో నాకు ఎక్కువ నచ్చినవాడు ఇతడే.) విద్యుత్తు ఆగిపోయి డాలెక్కులు ఒక్కొక్కటే చస్తాయి. ఆపమని ఒకటి డాక్టర్‌ను వేడుకుంటుంది. నాకు ఇష్టమున్నా ఆపడం ఎలాగో తెలియదంటాడు. ఇంకో మార్గం ఉండి ఉంటే బాగుండేదని అలిడాన్ బాధపడతాడు. రచయిత ఆ బాధను అక్కడే వదిలేశాడు.

వదిలేయలేదేమో అని రెండవ కథ చూస్తే అనిపిస్తుంది. 1975 మార్చి 8 నుండి ఏప్రిల్ 12 వరకు ఆరు భాగాలుగా వచ్చింది. దర్శకుడు డేవిడ్ మలోనీ, డాక్టర్‌గా టామ్ బేకర్. (హైదరాబాదుకు దూరదర్శన్ కేంద్రమే 1977లోగాని రాలేదు.) ఇంగ్లీషులో ఆ కథ పేరులో ఉన్నది మన బైబిలు మొదటి గ్రంథం పేరే. తెలుగులో చెబితే "డాలెక్కుల ఆదికాండము." ఇందులో డాక్టర్‌ను డాలెక్కులు పుట్టకముందటి స్కారోకు పంపుతారు, వాటి పుట్టుకను ఆపమని. అక్కడ థాల్‌లకూ కలెడ్‌లకూ యుద్ధం తరతరాలుగా సాగుతోంది. కందకంలో మనుషులున్నట్టు కనబడడానికి చచ్చిన సైనికులను నిలబెట్టారు. సేనాపతికి మీసం కూడా సరిగా రాలేదు. థాల్‌లు కూడా మొదటి కథలోలా సాధువులు కారు, బందీలతో గొడ్డుచాకిరీ చేయిస్తారు.

మొదటి కథలో డాలెక్కులను యుద్ధమే కన్నది. ఇక్కడ వాటికి ఒక సృష్టికర్త ఉన్నాడు. అతడు డావ్రోస్, సగం మనిషి, సగం చక్రాల కుర్చీ. ఆ కుర్చీ అచ్చం డాలెక్కు కింది సగంలా ఉంటుంది. తన పోలికెలోనే చేశాడన్నమాట (ఆదికాండము 1:27ను తలక్రిందులు చేసినట్టు). సర్వ ప్రాణులనూ చంపగల వ్యాధిక్రిమి నీ చేతిలో ఉంటే విడిచిపెడతావా అని డాక్టర్ అడిగితే, విడుస్తాను, అది నన్ను దేవతలకంటె పైన కూర్చోబెడుతుందంటాడు. ఏదెనులో సర్పము చెప్పిన మాటకు ఇది మనుమడు. తన పనికి అడ్డొచ్చిన సొంత పట్టణాన్నే శత్రువు క్షిపణికి అప్పగిస్తాడు.

ఆరవ భాగంలో డాక్టర్ చేతిలో రెండు తీగలున్నాయి. కలిపితే గదినిండా పెరుగుతున్న డాలెక్కు పిండాలు పేలిపోతాయి. అతడు కలపలేడు. పసివాని గురించిన ప్రశ్న అక్కడే అడుగుతాడు. డాలెక్కుల భయంతో ఎన్నో లోకాలు స్నేహితులవుతాయి, అదీ పోతుందంటాడు.

మత్తయి 13:24-30లో దాసులు గురుగులు పెరికివేస్తామంటే యజమానుడు ఆపుతాడు, గోధుమలూ ఊడివస్తాయని. కలుపు తీసే చేతులకు ఇది తెలుసు: లేతగా ఉన్నప్పుడు రెంటికీ తేడా కనబడదు. రేపటి భయంతో పసివారిని చంపినవాని పేరు సువార్తలో ఉంది, హేరోదు (మత్తయి 2:16). అతని కంటె ముందు ఫరో. అయితే 1 సమూయేలు 15లో అమాలేకీయుల సంగతేమిటని బైబిలు తెలిసినవారు అడుగుతారు. అడగవలసిందే. అక్కడ తీర్పు దేవునిది, సౌలు తనంతట తాను పూనుకున్నది కాదు. అటువంటి ఆజ్ఞ నాకు వచ్చిందని నేడు ఎవరైనా తుపాకి తీస్తే సంఘము నమ్మవలసిన పని లేదు.

ఇక్కడ నాకు రెండు కథలతోనూ పేచీ ఉంది. మొదటిది టెమ్మోసస్‌ను అమాయకుణ్ణి చేసి, శాంతి కోరితే చావే అంటుంది. రెండవది తీగలు కలపాలా వద్దా అని మాత్రమే అడుగుతుంది. 2 రాజులు 6లో ఎలీషా చేతికి చిక్కిన సిరియనుల దండు షోమ్రోను నడుమ గుడ్డిగా నిలబడింది. కొట్టమంటావా అని రాజు రెండుసార్లు అడిగాడు. ప్రవక్త భోజనము పెట్టించి పంపాడు. ఆ దోపిడీ దండులు మళ్ళీ రాలేదని 23వ వచనము. స్కారోలో ఆహారం ఉచ్చు, షోమ్రోనులో అదే ఆహారం సంధి.

డాక్టర్ ఆ తరువాత మనసు మార్చుకొని తిరిగి వస్తాడుగాని, ఒక డాలెక్కే తెలియక తీగల మీదుగా పోయి పేలుడు జరుగుతుంది. అవి నశించలేదు, వెయ్యేండ్లు ఆలస్యమయ్యాయంతే. చివర డాలెక్కులు తమను చేసినవారిపైకే తిరుగుతాయి. తన శాస్త్రజ్ఞులపై జాలి చూపమని డావ్రోస్ వేడుకుంటాడు. జాలి అనే మాట వాటికి నేర్పనేలేదు.

పిల్లలకు చూపించదలచినవారికి ఒక మాట. మొదటిది నలుపు తెలుపు, నెమ్మదిగా నడుస్తుంది. రెండవది రంగుల్లో ఉందిగాని చావులెక్కువ, పన్నెండేళ్ళలోపువారికి వద్దు. తల్లిదండ్రులు పక్కన కూర్చోండి. ఆరవ భాగం మొదట్లో, డాక్టర్ తీగలు పట్టుకొని నిలిచినచోట ఫోను ఆపి, 2 రాజులు 6:8-23 పిల్లల చేతనే చదివించండి.