గులేరు, సైకిలు, గురి



పోయిన ఆదివారం మన హాస్టల్ వెనక వేపచెట్టు కింద రెక్క విరిగిన గోరింక ఒకటి దొరికింది. సాయంత్రానికల్లా వార్డెన్ సార్ పెట్టెలన్నీ వెతికించి ఏడు గులేర్లు పట్టుకుపోయారు. ఆ రాత్రి మెస్‌లో పెద్ద లొల్లి. “గగన్ నారంగ్ కూడా ఈ బేగంపేటలోనే ఇంటి పెరట్లో కొట్టి కొట్టి ఒలింపిక్స్ దాకా పోయిండు. మనం కొడితే తప్పా?” అని మనోళ్ళ వాదన. పోయిన ఏడింటిలో నాదీ ఒకటి ఉంది. అందుకే అసలు సంగతేమిటో రాద్దామనుకున్నాను.

పెరటి మాట నిజమే. 1997లో నాన్న ఎయిర్ పిస్తోలు కొనిస్తే నారంగ్ బేగంపేట ఇంటి పెరట్లోనే సాధన మొదలుపెట్టాడు. తర్వాత రైఫిల్‌కు మారాడు. 2008 బీజింగ్‌లో 600కు 595 కొట్టినా ఫైనల్ అందలేదు. 2012 జులై 30న లండన్‌లో 701.1 పాయింట్లతో కంచు పతకం గెలిచాడు. అయితే ఆయన కొట్టింది పిట్టను కాదు, కాగితాన్ని.

పిట్టలను కొట్టిన కాలం కూడా ఉంది. మా మామ ఈ ఊళ్ళో చదివేటప్పుడు, ఆదివారం కిరాయి సైకిలు తీసుకుని ఒకడు తొక్కితే ఇంకొకడు ముందు కడ్డీ మీద ఎయిర్‌గన్ పట్టుకుని కూర్చునేవాడట. ఏదో ఒక చెరువు గట్టుకు పోయి కొంగలను కొట్టేవాళ్ళట. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోనే వచ్చింది, కానీ వాళ్ళకు ఆ ఊసే లేదు. ఇప్పుడు బేగంపేట రోడ్డు మీద సైకిలు తొక్కాలంటేనే గుండె దడ. పైన ఫ్లైఓవరు, మధ్యలో మెట్రో స్తంభాలు. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ దారి వేశారు గానీ, అక్కడికి పోవడానికే మనకు ఒక పూట పడుతుంది.

సలీం అలీ పేరు విన్నారు కదా. ఆయన కూడా బొంబాయిలో పదేళ్ళప్పుడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అదేం పిట్టో తెలుసుకుందామని తీసుకుపోయి అడిగాడు. అక్కడ మొదలైన ఆరాటమే ఆయన్ను పక్షిశాస్త్రవేత్తను చేసింది. 1931-32లో మన నిజాం రాజ్యంలోని పక్షుల సర్వే చేసింది ఆయనే. మనలో ఎవరమూ ఆ గోరింకను చూసి ఏమీ అడగలేదు.

ఇక గురి సంగతి. గులేరుతో తగిలితే తగిలినట్టు, లేకుంటే లేదు. ఎంత తప్పిందో ఎవడూ కొలవడు. ఎయిర్ రైఫిల్ పోటీలో లక్ష్యం 10 మీటర్ల దూరంలో ఉంటుంది. దాని నడుమ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే, అంటే పెన్సిల్ మొనతో పెట్టిన చుక్కంత. లెక్కల సార్ చెప్పిన సరూప త్రిభుజాలు గుర్తు చేసుకోండి. మీటరు పొడవు గొట్టం కొస ఒక్క మిల్లీమీటరు కదిలితే, పది మీటర్ల దగ్గర గుండు పది మిల్లీమీటర్లు తప్పుతుంది. పది పాయింట్లు రావాల్సింది ఆరో ఏడో వస్తాయి.

గొట్టాన్ని కదిలించేది ఎవరు? మన గుండే! ప్రతి కొట్టుకు ఒళ్ళు సన్నగా అదురుతుంది. అందుకే షూటర్లు ఊపిరి సగం వదిలి, నిలిపి, రెండు కొట్ల నడుమ మీట నొక్కుతారు. గుండె ఎంత నెమ్మదిగా కొట్టుకుంటే అంత ఎక్కువ వ్యవధి దొరుకుతుంది. ఇక్కడే సైకిలు పనికొస్తుంది. రోజూ తొక్కేవాళ్ళ గుండె బలపడి, ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపుతుంది. కాబట్టి ఊరికే ఉన్నప్పుడు తక్కువసార్లు కొట్టుకుంటే చాలు. తొక్కి దిగిన వెంటనే మాత్రం అంతా తలకిందులే. మేం పాలన్న సైకిలు అడిగి, మైదానం చుట్టూ పది రౌండ్లు తొక్కి, చీపురు కర్ర భుజానికి ఆనించి గోడ మీది చుక్కకు గురిపెట్టి చూశాం. కర్ర కొస గంగిరెద్దు తలలా ఊగింది. పది నిమిషాలు కూర్చుని మళ్ళీ పడితే చాలావరకు నిలిచింది. తుపాకీ అక్కర్లేదు, మీరూ చూడండి.

ఇది మగపిల్లల ఆటేనని 8వ తరగతి వాళ్ళు అంటున్నారు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో 13 ఏళ్ళకే ఎయిర్ పిస్తోలులో జాతీయ చాంపియన్ అయింది. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒక బంగారు, మూడు వెండి పతకాలు తెచ్చింది. మంచి పోటీ రైఫిల్ ధర లక్షల్లో ఉంటుంది, అది మన వల్ల కాదు. కానీ మామూలు ఎయిర్ రైఫిల్ ఒక్కటి, గుండు ఆపే పెట్టె, నేర్పే సారు ఉంటే పది మీటర్ల జాగా చాలు.

వార్డెన్ సార్‌కు మనవి: మెస్ వెనక వరండా టేపు పెట్టి కొలిచాం, 13 మీటర్లుంది. అటు చివర కిటికీ లేని గోడ. గులేర్లు మాకు తిరిగి వద్దు సార్, ఆ వరండా గురించి ఒక్కసారి పీడీ సార్‌తో మాట్లాడండి.

గోరింక స్టోర్ రూములో అట్టపెట్టెలో ఉంది. నిన్నటి నుంచి మెతుకులు తింటోంది.

— 9వ తరగతి విద్యార్థి