ఫ్లాట్, కర్వ్‌డ్, గ్లాసీ, మ్యాట్: ఫోన్ కొనే ముందు ఈ మాటల తేడా తెలుసుకోండి

గోదావరిఖని చౌరస్తాలో ఏ మొబైల్ షాపుకెళ్లినా రెండు నిమిషాల్లో ఈ మాటలన్నీ వినిపిస్తాయి: ఫ్లాట్, కర్వ్‌డ్, 2.5డి, స్మూత్, గ్లాసీ, మ్యాట్. ఒకటనుకుని ఇంకోటి కొంటే డబ్బులు పోయేది మనవే. సింపుల్‌గా చూసేద్దాం.

ఆకారం చెప్పే మాటలు

ఫ్లాట్ అంటే స్క్రీన్ అంచు దాకా చదును. 2.5డి అంటే డిస్‌ప్లే చదునే, పైనున్న గ్లాస్ అంచు మాత్రం కాస్త గుండ్రంగా ఉంటుంది. కర్వ్‌డ్ అంటే డిస్‌ప్లేనే పక్కలకు వంగుతుంది, 2016లో వచ్చిన గెలాక్సీ ఎస్7 ఎడ్జ్ లాగా. అదే శాంసంగ్ 2024లో ఎస్24 అల్ట్రాకి ఫ్లాట్ స్క్రీన్ ఇచ్చింది.

పైపొర చెప్పే మాటలు

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. స్మూత్ వేలికి తెలిసేది, అంటే నునుపు. గ్లాసీ కంటికి తెలిసేది, అంటే నిగనిగ. గ్లాసీ అనగానే గ్లాస్ అనుకోకండి, ప్లాస్టిక్ బ్యాక్ కూడా గ్లాసీగా ఉండొచ్చు. మ్యాట్ అంటే మెరుపు లేనిది. దాని మీదుండే అతి చిన్న ఎత్తుపల్లాలు వెలుగును చెదరగొడతాయి, అందుకే వేలిముద్రలు అంతగా కనిపించవు. 2019 నాటి ఐఫోన్ 11 ప్రో వెనక ఉన్నది గ్లాసే, కానీ మ్యాట్.

మన దగ్గర ఎందుకు ముఖ్యం?

కారణం దుమ్ము. బొగ్గు మెత్తన, అది గ్లాస్‌ని గీయలేదు. కానీ సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో బొగ్గు మీది నుంచి తీసే ఓబీలో ఇసుకరాయి ఉంటుంది. ఇసుకలోని క్వార్ట్జ్ గట్టిదనం మోస్ స్కేలుపై 7. ఫోన్ గ్లాస్ దాదాపు 6. దుమ్ము పట్టిన స్క్రీన్‌ని అంగీకేసి రుద్దితే గీత పడేది అందుకే. ముందు దుమ్ము ఊది, తర్వాతే తుడవండి.

మామూలు టెంపర్డ్ గ్లాస్ ఫ్లాట్ స్క్రీన్‌కి చక్కగా అతుక్కుంటుంది. కర్వ్‌డ్ అయితే అంచుల్లో లేచి, సందులోకి దుమ్ము చేరుతుంది.

షాపులోనే చెక్ చేయండి

స్క్రీన్ మీద ఏటీఎం కార్డు అడ్డంగా ఆనించండి. పక్కల్లో బాగా సందు కనిపిస్తే కర్వ్‌డ్, అంచు చివరే కాస్త కనిపిస్తే 2.5డి. బ్యాక్‌ని ట్యూబ్‌లైట్ కింద వంచి చూడండి. లైటు అద్దంలోలా కనిపిస్తే గ్లాసీ, మసగ్గా ఉంటే మ్యాట్.

రోజూ డ్యూటీకి తీసుకెళ్లే ఫోనైతే మా ఓటు ఫ్లాట్ స్క్రీన్, మ్యాట్ బ్యాక్‌కే.