పొరల ఖనిజ ఔషధ వాహకాలు

పొరల నిర్మాణం గల కొన్ని అకర్బన పదార్థాలలో, పొరకూ పొరకూ మధ్య ఔషధాన్ని ఇమిడ్చి, అది శరీరంలో ఒక్కసారిగా కాక నెమ్మదిగా విడుదలయ్యేటట్లు చేయవచ్చు. అటువంటి పదార్థాలను పొరల ఖనిజ ఔషధ వాహకాలు అనవచ్చు. వీటిలో విస్తృతంగా పరిశోధించబడినవి రెండు: మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమన్ను ఖనిజం, హైడ్రోటాల్‌సైట్‌ను పోలిన ద్వంద్వ హైడ్రాక్సైడులు.

అవసరం

నొప్పి నివారిణి అయిన ఐబుప్రొఫెన్‌ను ఉదాహరణగా తీసుకొనవచ్చు. రక్తంలో దీని పరిమాణం సుమారు 2 గంటలలో సగానికి పడిపోతుంది. అందువలన సాధారణ మాత్రను రోజుకు మూడు నాలుగు సార్లు వేసుకోవలసి వస్తుంది. ప్రతిసారీ మందు పాలు ఒక్కసారిగా పెరిగి, మరుసటి మాత్ర వేళకు అడుగంటుతుంది. మరీ పెరిగితే దుష్ఫలితాలు, మరీ తగ్గితే తిరిగి నొప్పి. ఈ ఎగుడుదిగుళ్ళను చదును చేయడమే దీర్ఘకాలిక విడుదల లక్ష్యం.

నిర్మాణం

నల్లరేగడి చేను వేసవిలో నెర్రెలు బారి, వానలకు ఉబ్బడం తెలుగు రైతులకు చిరపరిచితమే. ఆ నేలలోని మాంట్‌మొరిల్లొనైట్ వర్గపు ఖనిజాల పొరల మధ్యకు నీరు చేరడమే దీనికి ప్రధాన కారణం. (చేనిలోని మట్టి మందు కాదని వేరుగా చెప్పనక్కరలేదు, ఔషధాలలో వాడేది శుద్ధి చేసిన ఖనిజం.) ఫ్రాన్సులోని మాంట్‌మొరిల్లాన్ అనే ఊరి పేరు మీదుగా దీనికి ఆ పేరు వచ్చినది. దీని ఒక్కొక్క పొర మందం దాదాపు 1 నానోమీటరు, అనగా మిల్లీమీటరులో పది లక్షవ వంతు. పొరలో కొన్ని అల్యూమినియం స్థానాలలో మెగ్నీషియం ఉండుటవలన పొరకు ఋణావేశం కలుగుతుంది. ఆ లోటును పూరించడానికి సోడియం, కాల్షియం వంటి ధన అయాన్లు పొరల మధ్య నిలుస్తాయి. వాటి బదులు ధనావేశం గల వేరొక అణువు కూడా నిలువగలదు.

1842లో గుర్తించబడిన హైడ్రోటాల్‌సైట్‌లో వ్యవహారం తలక్రిందులుగా ఉంటుంది. ఇక్కడ కొన్ని మెగ్నీషియం స్థానాలను అల్యూమినియం ఆక్రమిస్తుంది కాబట్టి పొరకు ధనావేశం, పొరల మధ్య కార్బొనేటు వంటి ఋణ అయాన్లు.

కనుక ఏ మందుకు ఏ వాహకం అన్నది ఆవేశమే నిర్ణయిస్తుంది. రక్తపోటు మందు ప్రొప్రనొలాల్ ధనావేశం పొందుతుంది కావున బంకమన్నులో ఇముడుతుంది. ఆమ్ల స్వభావం గల ఐబుప్రొఫెన్, డైక్లొఫెనాక్ వంటివి ద్వంద్వ హైడ్రాక్సైడులలో ఇముడుతాయి. ఏ ఆవేశమూ లేని మందులకు ఈ పద్ధతి అంతగా నప్పదు.

తయారీ

మందు కలిసిన క్షార ద్రావణంలోకి మెగ్నీషియం, అల్యూమినియం లవణాలను బొట్లు బొట్లుగా వదిలితే పొరలు ఏర్పడుతూనే మందును తమలో ఇముడ్చుకుంటాయి. ఇక్కడ పెద్ద చిక్కు గాలితోనే. గాలిలోని కార్బన్ డయాక్సైడు ద్రావణంలో కార్బొనేటుగా మారుతుంది. పొరలు దానిని గట్టిగా పట్టుకొని మందుకు చోటివ్వవు. అందుచేత నీటిని మరగించి, నైట్రోజను వాయువులో పని చేస్తారు. మరొక మార్గం, ఖనిజాన్ని సుమారు 450 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చి, ఆ బూడిదను మందు ద్రావణంలో వేయడం. పోయిన పొరలు తిరిగి ఏర్పడతాయి! దీనిని శాస్త్రజ్ఞులు జ్ఞాపక గుణం అంటారు.

ఐబుప్రొఫెన్ చేరిన తరువాత ఎక్స్-కిరణాలతో పరీక్షిస్తే, 0.78 నానోమీటర్లుండే పొరల దూరం 2 నానోమీటర్లు దాటినట్లు కనబడుతుంది. మందు పైపైన అంటుకొనక లోపలికే పోయినదనుటకు ఇదే సాక్ష్యం. అటువంటి పొడి బరువులో దాదాపు సగం మందే ఉండగలదు.

విడుదల

పేగులోని ఫాస్ఫేటు, కార్బొనేటు, క్లోరైడు అయాన్లు అంచుల నుండి లోనికి ప్రవేశిస్తూ మందును బయటకు నెడతాయి. అంచున మందు పోయినచోట పొరలు దగ్గరవుతాయి. ఇరుకైన ఆ దారి గుండా లోపలి మందు రావలసి ఉంటుంది. వేగం తగ్గుటకు ఇది ఒక ముఖ్య కారణం. రేణువు పెద్దదైతే దారి మరింత పొడుగు.

చిక్కులు

హైడ్రోటాల్‌సైట్ ఆమ్లాన్ని హరించే మందుగా ఇప్పటికే వాడుకలో ఉంది. అంటే జఠర రసంలో అది కరిగిపోతుందన్న మాటే. పొర కరిగితే మందుకు పట్టు ఉండదు. కాబట్టి పేగులో మాత్రమే కరిగే పాలిమరు పూత పూయవలసి ఉంటుంది. బంకమన్ను అంత సులభంగా కరగదు గాని, దాని తంటా వేరు: పట్టు మరీ గట్టిదైతే మందులో కొంత భాగం విడుదల కాకుండానే మలంతో పోతుంది. నెమ్మదిగా ఇవ్వడమూ, అసలే ఇవ్వకపోవడమూ ఒకటి కాదు. టెట్రాసైక్లిన్ వంటి యాంటీబయోటిక్కులను అల్యూమినియం, మెగ్నీషియం గల ఆమ్లహారులతో కలిపి వేసుకొనరాదని చెప్పడానికి కూడా ఇటువంటి బంధమే కారణం. ఆ లోహాలకు అంటుకొన్న మందు సరిగా రక్తంలో చేరదు.

ఇది కాక, బంకమన్ను గనుల నుండి వచ్చే పదార్థం. అందులో సీసం వంటి లోహాలు స్వల్పంగా ఉండవచ్చు. 2019లో ఫ్రాన్సు ఔషధ నియంత్రణ సంస్థ ఈ కారణంగానే, విరేచనాలకు వాడే బంకమన్ను మందులను 2 ఏళ్ళ లోపు పిల్లలకు ఇవ్వవద్దని సూచించింది. ద్వంద్వ హైడ్రాక్సైడులను ప్రయోగశాలలో శుద్ధ లవణాల నుండి తయారు చేయవచ్చు కనుక ఈ విషయంలో వాటిదే పైచేయి.