ఉద్దానం పెరటి కోళ్ళు: పొదిగే పెట్ట ప్రాధాన్యం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరం కొబ్బరి, జీడి తోటలకు ప్రసిద్ధి. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఈ తోటలకు తీవ్ర నష్టం కలిగించింది. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. నాటుకోడి పిల్ల ఆరేడు నెలలకే గుడ్లకు వస్తుంది. కనుక పలాస, టెక్కలి పరిసర గ్రామాలలో పెరటి కోళ్ళను చిన్న రైతు కుటుంబాల ఆపత్కాల ఆదాయంగా పరిగణించాలి.

హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన సంచాలనాలయం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్ళు నాటుకోళ్ళకంటే ఎక్కువ గుడ్లు పెడతాయి. అయితే వీటికి పొదిగే గుణం స్వల్పం. తరువాతి తరంలో ఉత్పాదకత కూడా నిలవదు. నాటుకోళ్ళను పూర్తిగా తొలగించిన కుటుంబం ప్రతి విడతకూ హేచరీ పిల్లలపై ఆధారపడవలసి వస్తుంది. నాటు పెట్ట 10-12 గుడ్లను 21 రోజులు పొదిగి, పిల్లలను గద్దల బారినుండి కాచుకుంటుంది. అందువల్ల మేలైన పొదిగే పెట్టలను నిలుపుకొని, అంతఃప్రజననం తగ్గేందుకు పుంజులను గ్రామాల మధ్య మార్చుకోవాలి.

ప్రధాన ముప్పు కొక్కెర తెగులు. 5-7 రోజుల వయసులో లాసోటా చుక్కలు, 8వ వారంలో ఆర్‌2బి టీకా వేయించాలి. ఒక సీసాలో వందకు పైగా కోళ్ళకు సరిపడే మందు ఉంటుంది. కలిపిన మందును కొద్ది గంటలలోనే వాడాలి. పది కోళ్ళున్న ఇంటికి ఇది సాధ్యం కాదు. కనుక విస్తరణ సిబ్బంది ఇంటిని కాక వీధిని యూనిట్‌గా తీసుకొని, ఒకే ఉదయం అన్ని కోళ్ళకూ టీకాలు వేయించాలి. తెల్లవారుజామున, గంపలు తెరవకముందే ఈ పని సులభం.