లావు గొట్టం పెడితే బండికి బలం వస్తుందా?

కొన్నేళ్ళ క్రితం నా పూర్వ విద్యార్థి ఒకడు అమెరికాలోని టెక్సాస్ నుంచి ఫోన్ చేశాడు. అతని దగ్గర షెవ్రొలే 454 ఎస్ఎస్ అనే పాత ట్రక్కు ఉంది. ట్రక్కు అనగానే మన లారీ అనుకోకండి. వెనుక తొట్టి ఉండే పికప్ బండి అది. 1990 నుంచి 1993 వరకే తయారైన ఈ వేగపు బండికి 7.4 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల ఇంజను ఉంటుంది.

"మాస్టారూ, బలం పెరుగుతుందని ఇంజను పక్కన ఉండే పొగ గొట్టాలు మార్చాను. దొరికినవాటిలో అన్నిటికన్నా లావువి కొన్నాను. చప్పుడు పెరిగింది గానీ, పడవను వెనుక తగిలించుకొని ఎత్తు ఎక్కుతుంటే బండి మునుపటికంటే నీరసపడుతోంది. ఎందుకంటారు?" అని అడిగాడు.

దీనికి జవాబు మీ ధ్వని పాఠంలోనే ఉంది. చూద్దాం.

పెట్రోలు ఇంజనులో నాలుగు స్ట్రోకులుంటాయని మీకు తెలుసు. చివరి స్ట్రోకులో పిస్టను కాలిన వాయువులను బయటికి నెడుతుంది. ఇలా నెట్టడానికయ్యే ఖర్చును ఇంజను తన బలంలోంచే పెట్టుకోవాలి. ఫ్యాక్టరీలో బిగించిన పోత ఇనుప మానిఫోల్డులో, ఒక్కోవైపు నాలుగు సిలిండర్ల వాయువులూ ఒకే ఇరుకు దారిలో కలుస్తాయి. బడి గంట కొట్టగానే నాలుగు తరగతుల పిల్లలూ ఒకే సన్నని వరండాలో పడితే ఏమవుతుందో మీరు రోజూ చూస్తున్నదే గదా!

పైగా ఈ ఇంజనులో సిలిండర్లు మండే వరుస 1-8-4-3-6-5-7-2. బేసి అంకెలవి ఎడమవైపు, సరి అంకెలవి కుడివైపు ఉంటాయి. వరుసను మళ్ళీ చూడండి. 5 తరువాత వెంటనే 7! రెండూ ఒకే వైపున, పక్కపక్కనే ఉన్నవి. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక చుట్టుకు 20 మిల్లీసెకన్లు పడుతుంది. రెండు చుట్లలో ఎనిమిది సిలిండర్లూ మండాలి. కనుక 5కూ 7కూ మధ్య వ్యవధి 5 మిల్లీసెకన్లే. 5వ సిలిండరు ఇంకా తన వాయువును నెట్టుకుంటూ ఉండగానే 7వ దాని కవాటం తెరుచుకుంటుంది. ఎక్కువ పీడనంతో వాయువు దానికి ఎదురొస్తుంది. కుడివైపున 8కి, 4కి కూడా ఇదే అవస్థ.

ఈ పేచీ తీర్చడానికే హెడర్లు. ఒక్కో సిలిండరుకు ఒక్కో విడి ఉక్కు గొట్టం ఉంటుంది. కొంత దూరం వెళ్ళాకే నాలుగూ ఒక పెద్ద గొట్టంలో కలుస్తాయి. ఆ చోటును కలెక్టరు అంటారు.

అయితే అసలు చమత్కారం వేరే ఉంది. కవాటం తెరుచుకోగానే, వాయువుకంటే ముందుగా ఒక పీడన తరంగం గొట్టంలో పరుగెడుతుంది. 500 డిగ్రీల సెల్సియస్ వేడిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 550 మీటర్లు. గొట్టం హఠాత్తుగా వెడల్పయ్యే కలెక్టరు దగ్గర ఈ తరంగంలో కొంత భాగం పరావర్తనం చెందుతుంది. సంపీడనంగా వెళ్ళినది విరళీకరణంగా తిరిగి వస్తుంది. అంటే తక్కువ పీడనం వెనక్కి నడిచి వస్తుందన్నమాట! లోనికి, బయటికి ఉన్న రెండు కవాటాలూ కాస్సేపు కలిసి తెరిచి ఉండే సమయానికి అది సిలిండరును చేరితే, మిగిలిపోయిన పొగను బయటికి లాగి, తాజా మిశ్రమం లోనికి రావడానికి సాయపడుతుంది.

సమయానికి చేరితేనే సుమా! 90 సెంటీమీటర్ల గొట్టంలో తరంగం పోయి రావడానికి దాదాపు 3.3 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ లోపల ఇంజను 3000 చుట్ల వేగంలో 59 డిగ్రీలు తిరుగుతుంది. 5000 చుట్ల వేగంలో 98 డిగ్రీలు తిరుగుతుంది. ఒకే గొట్టం అన్ని వేగాలకూ కుదరదు. పిల్లనగ్రోవి పొడవును బట్టి స్వరం మారినట్లే, పొడవు గొట్టం తక్కువ వేగంలోనూ, పొట్టి గొట్టం ఎక్కువ వేగంలోనూ బాగా పనిచేస్తాయి.

మా వాడి ఇంజను అత్యధిక శక్తినిచ్చేది 4000 చుట్ల దగ్గరే. అతను కొన్నవేమో ఇంకా వేగంగా తిరిగే పందెపు ఇంజన్లకు సరిపోయే పొట్టి, లావు గొట్టాలు. కాలువ వెడల్పయిన చోట నీరు నెమ్మదించినట్లు, తక్కువ వేగంలో వాయువు ఆ గొట్టాలలో మందగించింది. వేగంగా పోయే వాయువు తన వెనుక వాయువును లాక్కుపోయే గుణం కూడా తగ్గింది. 44 మిల్లీమీటర్ల వ్యాసం గల పొడవు గొట్టాలు చూడమన్నాను. సిలిండరు తలకు ఆనే ఉక్కు పట్టీ మందంగా ఉండాలనీ చెప్పాను. పలుచనిది వేడికి వంగి, సందు ఇస్తుంది.

ఒక మాట. పొడవు హెడర్లు పెట్టాలంటే చాలా బండ్లలో ఉత్ప్రేరక పరివర్తకాన్ని జరపవలసి వస్తుంది. విషవాయువులను శుద్ధి చేసే ఆ పెట్టెను తీసివేయడం అమెరికాలో చట్టవిరుద్ధం. కాలిఫోర్నియాలో అయితే అక్కడి వాయు వనరుల మండలి మినహాయింపు పొందిన భాగాన్నే రోడ్డు బండికి బిగించాలి. మన దేశంలోనూ 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండిని ఇష్టం వచ్చినట్లు మార్చడాన్ని అడ్డుకుంటుంది.

ఇక బిగింపు. ఇంజను చల్లారాలి, బ్యాటరీ రుణ తీగ విప్పాలి, బండి గట్టి స్టాండ్ల మీద ఆనాలి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరడం ప్రాణాలతో చెలగాటం. పాత బోల్టులు ఏళ్ళ తరబడి వేడికి, తుప్పుకు పట్టేసి ఉంటాయి. ముందురోజే తుప్పు వదిలించే నూనె పోసి ఉంచాలి. మా వాడు తొందరపడి మొదటిసారి రెండు బోల్టులను సిలిండరు తలలోనే విరగ్గొట్టాడు. వాటిని తొలిచి తీయడానికి ఆదివారమంతా పట్టింది. తలాన్ని శుభ్రంగా గీకి, కొత్త గ్యాస్కెట్ వేసి, బోల్టులన్నీ ముందు వేళ్ళతోనే తిప్పి, తరువాత నడిమి నుంచి చివరలకు కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకసారి ఇంజను కాగి చల్లారాక మళ్ళీ బిగించాలి. వ్యాకోచించిన లోహం సంకోచించినప్పుడు బోల్టులు వదులవుతాయి.

వదులైతే టిక్ టిక్ అని శబ్దం వస్తుంది. అది చెవికి చిన్న శబ్దమే. కానీ విరళీకరణం వచ్చినప్పుడల్లా ఆ సందులోంచి బయటి గాలి లోనికి దూరుతుంది. ఆక్సిజన్ గ్రాహకం దానిని చూసి ఇంధనం చాలడం లేదని పొరబడుతుంది, కంప్యూటరు అనవసరంగా పెట్రోలు పెంచుతుంది. సంపీడనం వచ్చినప్పుడు అదే సందులోంచి కార్బన్ మోనాక్సైడ్ బయటికి వస్తుంది. దీనికి రంగూ వాసనా లేవు. హీమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా కలుస్తుంది. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడిపి పరీక్షించవద్దని మా వాడికి రెండుసార్లు చెప్పాను.

కొత్త గొట్టాలు బిగించిన వారానికి ఫోటో పంపాడు. వెండిలా ఉండవలసిన స్టెయిన్‌లెస్ స్టీలు పసుపు, ఊదా, నీలం రంగులు తేలింది. పాడైపోయిందేమోనని అతని భయం. వేడికి ఉక్కు మీద పలుచని ఆక్సైడు పొర ఏర్పడింది, అంతే. సబ్బు బుడగ మీద రంగులు కనిపించడానికి ఏది కారణమో, ఇక్కడా అదే. పడవతో ఎత్తు ఎక్కిందా అని అడిగితే, "మూడో గేరులోనే ఎక్కింది మాస్టారూ" అన్నాడు.